రుసుమా? రక్షణా? – బ్లాక్‌చైన్ మార్గాల ఎంపికపై ఒక పరిశీలన

ఏటిలో పారవేసినా ఎంచి పారవేయమన్నారు మన పెద్దలు. పోగొట్టుకొనే సొమ్ముకే లెక్క ఉండాలన్నప్పుడు, కష్టపడి ఆర్జించి ఒకచోటి నుండి మరొకచోటికి పంపుకొనే ధనానికి ఎంత లెక్క ఉండాలో వేరుగా చెప్పనక్కరలేదు. స్వదేశాన్ని విడిచి వచ్చిన మన కుటుంబాలకు సొమ్మును దూరం పంపడం కొత్త విషయం కాదు. మనియార్డరు, బ్యాంకు డ్రాఫ్టు, తంతి బదిలీ – వీటన్నిటి ఆలస్యాలను, ఖర్చులను మనం చవిచూసినవాళ్లమే. 2009 తరువాత వీటి సరసన క్రిప్టో నాణేలు కూడా చేరాయి. మన ఇళ్లలోని యువతీయువకులు పలువురు వీటిని కొంటున్నారు, దాచుకుంటున్నారు, పరస్పరం పంపుకుంటున్నారు.

ఈ నాణేలను పంపదలచిన వారికి ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఏ మార్గం మీదుగా పంపాలి? ఒకే డాలరు నాణెం ఈథీరియం మీద, ట్రాన్ మీద, సొలానా మీద, ఇంకా అనేక బ్లాక్‌చైన్‌ల మీద ప్రయాణించగలదు. ఒక్కొక్క పేరు పక్కన ఒక్కొక్క రుసుము కనిపిస్తుంది. అన్నిటికంటె తక్కువ ఉన్నదానిని ఎంచుకొనడం మానవ సహజం. కాని రుసుము తెరమీద కనిపించినట్లు రక్షణ కనిపించదు. కనిపించే దానిని కనిపించని దానితో తూచవలసి రావడమే ఇక్కడి చిక్కు. ఆ తూకం ఎలా వేయాలో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం. క్రిప్టో కొనమని గాని, వద్దని గాని చెప్పడం కాదు.

ఊరుమ్మడి ఆవర్జా

పూర్వం మన ఊళ్లలో షావుకారు దగ్గర చిట్టా, ఆవర్జా ఉండేవి. ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలో ఆ పుస్తకం చెప్పేది. పుస్తకం షావుకారు చేతిలో ఉన్నది కనుక, షావుకారు మంచివాడైతేనే లెక్క మంచిది. నేటి బ్యాంకు కూడా సూత్రప్రాయంగా ఇదే.

బ్లాక్‌చైన్ అంటే ఊరుమ్మడి ఆవర్జా అనుకోవచ్చు. పుస్తకం ప్రతి ఇంటిలోను ఒక్కొక్క నకలు ఉంటుంది. కొత్త పుట వ్రాసినప్పుడల్లా అందరి నకళ్లలోను అదే పుట చేరాలి. ప్రతి పుట మీద అంతకుముందరి పుట తాలూకు గణిత ముద్ర ఉంటుంది. అందువల్ల పాత పుటలో ఒక్క అంకె దిద్దినా తరువాతి పుటల ముద్రలన్నీ తప్పుతాయి. ఇలా పుటలు గొలుసుకట్టుగా ఉంటాయి కనుకనే దానికా పేరు వచ్చింది.

మరి కొత్త పుటను వ్రాసే హక్కు ఎవరిది? ఒకరినొకరు నమ్మని వారు ఒక నిర్ణయానికి ఎలా రావాలన్న ఈ ప్రశ్నను 1982లో లాంపోర్ట్, షోస్టాక్, పీజ్ అనే శాస్త్రజ్ఞులు బైజాంటిన్ సేనాపతుల సమస్యగా వర్ణించారు. 2008లో సతోషి నకమోటో అనే మారుపేరుతో ప్రకటితమైన పత్రం దీనికి ఒక ఆచరణయోగ్యమైన పరిష్కారం చూపింది. ఎక్కువ విద్యుత్తు, ఎక్కువ గణనశక్తి వెచ్చించి ఒక లెక్కను ముందుగా ఛేదించిన వారికి పుట వ్రాసే హక్కు వస్తుంది. బిట్‌కాయిన్ నేటికీ ఈ పద్ధతిలోనే నడుస్తున్నది. 2015లో మొదలైన ఈథీరియం కూడా మొదట ఇదే పద్ధతిలో నడిచి, 2022 సెప్టెంబరులో మరో పద్ధతికి మారింది. ఇందులో ధ్రువీకర్తలు కనీసం 32 ఈథర్‌ల చొప్పున ధరావతు కడతారు. మోసం చేస్తే ఆ ధరావతులో కోత పడుతుంది.

రుసుము దేనికి?

ఆవర్జాలో స్థలం పరిమితం. బిట్‌కాయిన్‌లో సగటున పది నిమిషాలకు ఒక పుట తయారవుతుంది. మొత్తం మీద సెకనుకు ఏడు లావాదేవీలకు అటూఇటూగా మాత్రమే ఇముడుతాయి. పంపదలచిన వారు ఎక్కువై చోటు తక్కువైతే, ఎక్కువ రుసుము చెల్లించిన వారి పద్దు ముందు ఎక్కుతుంది. పండుగ ముందురోజు బస్సులో సీటు వంటిదే ఇది.

ఇక్కడ గమనించవలసిన ముఖ్యాంశం ఒకటి ఉన్నది. సొమ్ము పంపే సంస్థలు చాలావరకు మొత్తాన్ని బట్టి రుసుము వసూలు చేస్తాయి. బ్లాక్‌చైన్ మాత్రం పుటలో ఆక్రమించిన చోటును బట్టి, చేయించిన గణనను బట్టి వసూలు చేస్తుంది. వంద డాలర్లు పంపినా, పది లక్షల డాలర్లు పంపినా చోటు ఒకటే కనుక రుసుము కూడా ఒకటే.

ఉదాహరణకు, ఒక సాధారణ బిట్‌కాయిన్ బదిలీ 140 బైట్ల చోటు తీసుకుంటుందనుకుందాం. బిట్‌కాయిన్‌లో పదికోట్లవ వంతును సతోషి అంటారు. బైటుకు 5 సతోషిల చొప్పున మొత్తం 700 సతోషిలు. బిట్‌కాయిన్ ధర లక్ష డాలర్లు అనుకుంటే ఇది 70 సెంట్లు. రద్దీ పెరిగి బైటుకు 300 సతోషిలు పలికితే అదే బదిలీకి 42 డాలర్లు అవుతుంది. ఇది కేవలం ఊహ కాదు. 2017 డిసెంబరులో బిట్‌కాయిన్ సగటు రుసుము 50 డాలర్లు దాటింది. 2024 ఏప్రిల్ 20న అంతకంటె ఎక్కువగా, 100 డాలర్లు దాటింది.

ఈథీరియంలో గణనకు కొలమానం గ్యాస్. ఈథర్‌ను నేరుగా పంపడానికి 21,000 గ్యాస్ కావాలి. డాలరు నాణెం వంటిది పంపడానికి సుమారు 65,000 అనుకోవచ్చు. గ్యాస్ ధరను ఈథర్‌లో వందకోట్లవ వంతైన గ్వెయ్‌లో చెబుతారు. ఈథర్ 3,000 డాలర్లు, గ్యాస్ 2 గ్వెయ్‌లు అనుకుంటే ఆ బదిలీకి 39 సెంట్లు. గ్యాస్ 50 గ్వెయ్‌లకు పెరిగితే 9 డాలర్ల 75 సెంట్లు. పంపేవారు అదే, అందుకునేవారు అదే, దారి అదే. మారినది రద్దీ మాత్రమే. అత్యవసరం కాని బదిలీని కొన్ని గంటలు ఆపుకొనగలిగితే, మార్గం మార్చకుండానే ఖర్చు తగ్గించుకొనవచ్చునన్న మాట.

రక్షణకు కొలత ఏది?

ఒక ఆవర్జా ఎంత భద్రమో తెలుసుకొనాలంటే, వ్రాసిన పుటను చింపి వేరే పుట అంటించడానికి దొంగకు ఎంత ఖర్చవుతుందని అడగాలి. నకమోటో పత్రంలోనే ఈ లెక్క ఉన్నది. మొత్తం గణనశక్తిలో దొంగ చేతిలో పదవ వంతే ఉంటే, మన పద్దు మీద అయిదు పుటలు పడేసరికి అతడు గెలిచే అవకాశం వెయ్యింట ఒకటి కంటె తక్కువ. అతని చేతిలో నూటికి 30 వంతులుంటే అదే భరోసాకు 24 పుటలు కావాలి. సగం మించితే ఎన్ని పుటలైనా చాలవు. పెద్ద మొత్తాలకు ఆరు పుటలు, అంటే సుమారు గంటసేపు ఆగాలన్న ఆచారం బిట్‌కాయిన్‌లో ఇలా ఏర్పడినదే.

బిట్‌కాయిన్‌లో సగం గణనశక్తిని చేజిక్కించుకొనాలంటే అపారమైన యంత్రసంపద, విద్యుత్తు కావాలి. చిన్న గొలుసుల సంగతి అలా కాదు. ఈథీరియం నుండి 2016లో విడిపోయిన ఈథీరియం క్లాసిక్ 2019 జనవరిలో ఇటువంటి దాడికి గురైంది. 2020 ఆగస్టులో ఒకే నెలలో మూడుసార్లు దెబ్బతిన్నది. వేలాది పుటలు తిరగరాయబడ్డాయి. బిట్‌కాయిన్ గోల్డ్ అనే మరో గొలుసు మీద 2018 మేలో జరిగిన దాడిలో సుమారు కోటీ 80 లక్షల డాలర్ల విలువగల నాణేలు రెండేసిసార్లు ఖర్చుపెట్టబడ్డాయి. ఇటువంటి చిన్న గొలుసులకు సరిపడే గణనశక్తి అద్దెకు దొరుకుతుంది. కోట తలుపును పగులగొట్టే ఏనుగు గంటల లెక్కన అద్దెకు దొరికితే ఆ తలుపు ఎంతకాలం నిలుస్తుంది? ఈ గొలుసులలో రుసుము పైసలలో ఉండేది. ఆ చౌకదనానికి కారణం, వాటిని కాపలా కాయడానికి కూడా అంతగా ఎవరూ ఖర్చుపెట్టకపోవడమే.

ఈథీరియం నూతన పద్ధతిలో లెక్క వేరు. పన్నెండు సెకన్లకు ఒక పుట పడుతుంది. సుమారు 13 నిమిషాలకు ఆ పుట అంతిమమవుతుంది. అంతిమమైన దానిని తిరగరాయాలంటే మొత్తం ధరావతులో కనీసం మూడవ వంతు నాశనం కావాలి. 2025 నాటికి ధరావతుగా ఉన్నది మూడు కోట్ల ఈథర్‌లకు పైమాటే. కనుక కోటి ఈథర్‌లు పోగొట్టుకొనడానికి సిద్ధపడినవాడే ఆ పని చేయగలడు.

మూడు కోరికలు, రెండు వరాలు

చౌకదనం, వేగం, రక్షణ మూడూ ఒకేచోట ఎందుకు దొరకవు? ఈథీరియం సృష్టికర్తలలో ప్రముఖుడైన విటాలిక్ బ్యుటెరిన్ దీనిని ఒక త్రికోణ సంకటంగా వర్ణించాడు. అధికారం చాలామంది చేతులలో పంచబడి ఉండడం, దాడులకు తట్టుకొనడం, ఎక్కువ లావాదేవీలను ఇముడ్చుకొనడం – ఈ మూడింటిలో రెండింటిని సాధించడం సులువు, మూడింటినీ ఒకేసారి సాధించడం కష్టం. వేలమంది అంగీకరించవలసిన పనికి సమయం పడుతుంది. పదిమంది అంగీకరిస్తే చాలునంటే పని చకచకా సాగుతుంది, కాని ఆ పదిమంది మీద భారం పడుతుంది.

ట్రాన్‌లో పుటలు వ్రాసేవారు ఓట్ల ద్వారా ఎన్నికైన 27 మంది ప్రతినిధులు. మూడు సెకన్లకు ఒక పుట పడుతుంది. టెథర్ వారి డాలరు నాణెం ఈ మార్గంలో విస్తారంగా తిరుగుతున్నది. నిత్యవ్యవహారానికి ఇది పనికివస్తున్నదనడంలో సందేహం లేదు. కాని 27 మంది సమ్మతికి, వేలాది స్వతంత్ర ధ్రువీకర్తల సమ్మతికి గల తేడాను మరువరాదు.

సొలానాలో ఒక్క సంతకానికి మూలరుసుము సొలానా నాణెంలో 0.000005 వంతు మాత్రమే, అంటే సెంటులో చిన్న భాగం. అయితే 2021 సెప్టెంబరులో ఈ గొలుసు సుమారు 17 గంటలు స్తంభించింది. 2024 ఫిబ్రవరిలో మరోసారి సుమారు అయిదు గంటలు ఆగింది. నాణేలు పోలేదు, కాని కదలలేదు. దాచుకున్న సొమ్ము అయితే అయిదు గంటల ఆలస్యం లెక్కలోనిది కాదు. ఆసుపత్రిలో కట్టవలసిన సొమ్ము అయితే ఆ అయిదు గంటలే సర్వస్వం. రక్షణ అంటే దొంగతనం జరగకపోవడమే కాదు, అవసరమైన వేళకు అందడం కూడా.

రెండవ అంతస్తు

ఈ సంకటానికి ఒక మధ్యేమార్గం కనుగొన్నారు. స్వదేశానికి ప్రయాణమైన ఒకరి పెట్టెలో పది కుటుంబాల వారు తలా ఒక పొట్లం పెట్టడం మనకు అనుభవమే. టిక్కెట్టు ఖర్చు ఒకటే, ప్రయోజనం పదిమందికి. ఆర్బిట్రమ్, ఆప్టిమిజం, బేస్ వంటి రెండవ అంతస్తు మార్గాలు ఇలాగే పనిచేస్తాయి. వందలాది లావాదేవీలను పైఅంతస్తులో జరిపి, వాటి సారాంశాన్ని మూటకట్టి ఈథీరియం ఆవర్జాలో ఒక్కసారిగా ఎక్కిస్తాయి. ఇటువంటి మూటలకు ప్రత్యేకంగా చౌక స్థలం కేటాయించే మార్పు 2024 మార్చి 13న ఈథీరియంలో అమలులోకి వచ్చింది. దానితో ఈ మార్గాలలో రుసుములు బాగా తగ్గి, చాలాచోట్ల సెంట్లలోకి దిగాయి.

మరి రక్షణ సంగతి? మూలాధారం ఈథీరియం మీద ఉన్నది కనుక, విడిగా నిలిచిన చిన్న గొలుసు కంటె ఇది మేలు. అయినా మూడు విషయాలు గుర్తుంచుకొనాలి. మొదటిది, లావాదేవీలను వరుసలో పెట్టే పని ఈ మార్గాలలో సాధారణంగా ఒకే నిర్వాహకుని చేతిలో ఉంటుంది. ఆ నిర్వాహకుడు ఆగితే దారి ఆగుతుంది. 2023 డిసెంబరులో ఆర్బిట్రమ్ గంటకు పైగా ఆగింది. రెండవది, కొన్నింటిలో నియమాలను మార్చే అధికారం ఒక చిన్న మండలి చేతిలో ఉంటుంది. మూడవది, ఆర్బిట్రమ్, ఆప్టిమిజం తరహా మార్గాల నుండి కింది అంతస్తుకు సొమ్మును అధికారిక ద్వారం గుండా దించుకొనాలంటే, అభ్యంతరాలకు అవకాశమిస్తూ సుమారు ఏడు రోజులు వేచి ఉండాలి. తొందర ఉన్నవారు మధ్యవర్తికి రుసుము చెల్లించి త్వరగా దించుకొనవచ్చు. చౌక దారిలో వెళ్లేటప్పుడు తిరిగివచ్చే ఖర్చు కూడా ముందుగానే లెక్కించుకొనడం వివేకం.

వంతెనల దగ్గర దొంగలు

ఒక గొలుసు మీది నాణెం మరొక గొలుసు మీదికి వెళ్లాలంటే వంతెన దాటాలి. ఇటువైపు అసలు నాణేన్ని తాళం వేసి, అటువైపు దానికి బదులు పత్రం ఇవ్వడమే వంతెన పని. అందరి అసలు నాణేలు ఒకేచోట పోగుపడతాయి కనుక దొంగల కన్ను అక్కడే పడుతుంది.

2022 మార్చిలో రోనిన్ అనే వంతెన నుండి 60 కోట్ల డాలర్లకు పైగా విలువైన సొత్తు అపహరణకు గురైంది. అక్కడ సమ్మతి తెలుపవలసిన తాళాలు తొమ్మిది. అయిదు ఒప్పుకుంటే తలుపు తెరుచుకుంటుంది. దొంగలు సరిగ్గా అయిదు తాళాలను సంపాదించారు. సొమ్ము పోయిన సంగతి ఆరు రోజుల వరకు నిర్వాహకులకే తెలియలేదు. అదే సంవత్సరం ఫిబ్రవరిలో వార్మ్‌హోల్, ఆగస్టులో నోమాడ్, అక్టోబరులో బైనాన్స్ గొలుసు వంతెన వరుసగా దెబ్బతిన్నాయి. ఈ దాడులలో ఈథీరియం పుటలు గాని, బిట్‌కాయిన్ పుటలు గాని తిరగరాయబడలేదు. కోటగోడలు చెక్కుచెదరలేదు, కందకం మీది పలక విరిగింది. కొద్ది డాలర్ల రుసుము ఆదా చేయడానికి పెద్ద మొత్తాన్ని వంతెనల మీదుగా తిప్పేవారు ఈ సంగతి మనసులో ఉంచుకొనాలి.

గొలుసు గట్టిదే, చేయి?

ఎంత గట్టి గొలుసునైనా తాళం తీసేది మనిషి చేయే. 2024 జూలైలో భారతదేశపు వాజిర్‌ఎక్స్ ఎక్స్ఛేంజి నుండి సుమారు 23 కోట్ల డాలర్లు, 2025 ఫిబ్రవరిలో బైబిట్ నుండి సుమారు 150 కోట్ల డాలర్లు అపహరించబడ్డాయి. రెండూ ఈథీరియం మీదనే జరిగాయి. గొలుసులో లోపం లేదు. బైబిట్‌లో సంతకం చేసేవారికి తెరమీద ఒకటి చూపి, వేరొకదాని మీద సంతకం చేయించారు.

వ్యక్తులకు కూడా ఇటువంటి వల ఉన్నది. మనం తరచు పంపే చిరునామాకు మొదటి, చివరి అక్షరాలు కలిసేలా దొంగ ఒక చిరునామా తయారుచేసి, దాని నుండి మనకు నామమాత్రపు బదిలీ చేస్తాడు. తరువాత మనం పాత పద్దుల నుండి చిరునామాను నకలు తీసినప్పుడు పొరబడతామని అతని ఆశ. 2024 మేలో ఒక ఖాతాదారు ఇలాగే 1,155 చుట్టబెట్టిన బిట్‌కాయిన్‌లను, అంటే ఆరు కోట్ల డాలర్లకు మించిన సొత్తును దొంగకు పంపాడు. తరువాత అందులో అధికభాగం తిరిగి రావడం అతని అదృష్టం. అందరికీ ఆ అదృష్టం ఉండదు. రుసుము సెంట్లలో ఉండే గొలుసుల మీద ఇటువంటి ఎర వేయడం దొంగకు కూడా చౌకే.

నాణెం భద్రత వేరు, మార్గం భద్రత వేరు అని కూడా తెలుసుకొనాలి. 2022 మేలో టెర్రా డాలరు కుప్పకూలినప్పుడు, మంచి మార్గం మీద ప్రయాణించినందువల్ల ఎవరి సొమ్మూ మిగలలేదు. 2023 మార్చిలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు మూతపడినప్పుడు సర్కిల్ వారి డాలరు నాణెం కొద్దికాలం 90 సెంట్ల కంటె దిగువకు జారి, మళ్లీ కోలుకున్నది.

పిండి కొద్దీ రొట్టె

ఇంతవరకు చెప్పుకున్న దానిని ఆచరణలో పెట్టడం ఎలా? రుసుమును డాలర్లలో కాక, పంపే మొత్తంలో వంతుగా చూడడం మొదటి మెట్టు. పది డాలర్ల రుసుము యాభై డాలర్ల బదిలీలో నూటికి ఇరవై వంతులు. అదే రుసుము యాభైవేల డాలర్లలో పదివేలకు రెండు వంతులు మాత్రమే. మొదటి సందర్భంలో ఖరీదైన మార్గాన్ని పట్టడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేయడం. రెండవ సందర్భంలో ఆ పది డాలర్ల కోసం బలహీనమైన మార్గాన్ని పట్టడం ఇంటికి వేసే తాళం దగ్గర పొదుపు చేయడం వంటిది.

పంపేముందు ఈ ప్రశ్నలు వేసుకొనడం మంచిది.

1. ఈ మొత్తం పోతే మన కుటుంబానికి ఏమవుతుంది? చేతిఖర్చు అయితే చౌక మార్గం చాలు. సంవత్సరాల పొదుపు అయితే బిట్‌కాయిన్, ఈథీరియం మూల మార్గాలే తగినవి.

2. అందుకొనేవారి ఖాతా ఆ మార్గాన్ని స్వీకరిస్తుందా? ఈథీరియం, ఆర్బిట్రమ్, బేస్ వంటి వాటిలో చిరునామా రూపం ఒకటే. చిరునామా సరిపోయినంత మాత్రాన మార్గం సరిపోయినట్లు కాదు. తప్పు మార్గంలో పంపిన నాణేలు ఎక్స్ఛేంజి దయ మీద ఆధారపడతాయి.

3. ఆ మార్గంలో పుటలు వ్రాసేవారు ఎందరు? గతంలో ఎన్నిసార్లు ఆగింది? ఎన్నాళ్లుగా నిలిచి ఉన్నది?

4. దారిలో వంతెన ఉన్నదా? తిరిగి మూల మార్గానికి చేరడానికి ఎంత ఖర్చు, ఎంత కాలం?

5. మొదట చిన్న మొత్తం పంపి, అది చేరినదని అవతలివారి నోట విని, తరువాత మిగిలినది పంపుతున్నామా? ఈ రెండవ రుసుము వృథా కాదు, భీమా కిస్తీ.

చివరగా చట్టం. భారతదేశంలో 2022 ఏప్రిల్ నుండి క్రిప్టో లాభాల మీద నూటికి 30 వంతుల పన్ను, అదే సంవత్సరం జూలై నుండి బదిలీల మీద నిబంధనల మేరకు నూటికి ఒక వంతు మూలంలో కోత అమలులోకి వచ్చాయి. అమెరికాలో ఈ నాణేలను ఆస్తిగా పరిగణిస్తారు కనుక అమ్మినా, మార్చినా, ఖర్చుపెట్టినా పన్ను లెక్క చూపవలసిందే. స్వదేశంలోని తల్లిదండ్రులకు నెలనెలా సొమ్ము పంపడానికి బ్యాంకు మార్గమే సక్రమమైనది. గొలుసు మీద ఆదా అయిన రెండు డాలర్లు ఆదాయపు పన్ను నోటీసు ముందు ఏపాటి?

బ్యాంకులో పొరపాటు జరిగితే ఫిర్యాదు చేయడానికి ఒక కిటికీ ఉంటుంది. బ్లాక్‌చైన్‌లో ఆ కిటికీ లేదు. ఎవరి అనుమతీ అక్కరలేని స్వేచ్ఛ, ఎవరి సహాయమూ దొరకని బాధ్యత అక్కడ ఒకే నాణేనికి బొమ్మాబొరుసూ. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనే అవకాశం కూడా లేని చోట, ఆ ఆకులేవో ముందే చేతిలో ఉండాలి. మన పిల్లలకు ఈ కొత్త విద్యలో మెలకువలు మనకంటె ఎక్కువ తెలిసి ఉండవచ్చు. ఎంచి ఖర్చుపెట్టే పాత విద్యను మాత్రం వారికి మనమే నేర్పాలి.